లిస్ప్ రాసే ముందు ఎడిటర్‌ని సర్దుకుందాం



ఈ పూట కంప్యూటర్ ప్రోగ్రాములు రాయడం గురించి, అందులోనూ లిస్ప్ అనే పాత భాష గురించి, ఆ భాషలో రాయడానికి కావలసిన ఎడిటర్ గురించి మాట్లాడతాను. ఇంట్లో ఇంజనీరింగు చదివే పిల్లలుంటే రేడియో దగ్గరికి పిలవండి. లేకపోయినా ఫర్వాలేదు, పెద్దవాళ్లకూ అర్థమయ్యేలాగే చెబుతాను.

మా అమృతలూరు తెనాలికి దక్షిణాన, వేమూరు నియోజకవర్గంలో ఉంది. చుట్టూ మోపర్రు, గోవాడ, ఇంటూరు. మాగాణి ఊళ్లు. మా వైపు పిల్లలు కూడా అందరిలాగే కాలేజీల్లో సీ, జావా, పైథాన్ నేర్చుకుంటున్నారు. లిస్ప్ పేరు మాత్రం వాళ్లకి ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పుస్తకం మొదటి పేజీల్లో, చరిత్ర కింద ఒక లైనులో తగులుతుంది. ఆ లైను చదివి కుతూహలం పుట్టి, ఇంటర్నెట్లో వెతికి, ఓ పది లైన్లు టైపు చేసి, బ్రాకెట్లు సరిపోలేదని తప్పు చూపిస్తే విసుగొచ్చి మూసేసిన పిల్లల్ని చాలామందిని చూశాను. భాష కష్టమని వాళ్లనుకున్నారు. చూస్తే అందరూ నోట్‌ప్యాడ్‌లో రాశారు. నోట్‌ప్యాడ్‌కి బ్రాకెట్ అంటే ఏమిటో తెలియదు. లిస్ప్‌లో బ్రాకెట్ల లెక్క మనిషి చూసుకోవలసిన పని కాదు, అది ఎడిటర్ పని. ఎడిటర్‌ని అందుకు సర్దిపెట్టుకుని కూర్చుంటే ఈ భాష పదో తరగతి పిల్లలకైనా వస్తుంది. ఈ ప్రసంగంలో నేను చెప్పదలుచుకున్నది ఇదే, మిగిలిందంతా ఎలా సర్దుకోవాలన్న వివరం.

ముందు ఆ బ్రాకెట్లు ఏమిటో చూద్దాం. లిస్ప్‌లో ఏ పని చెప్పాలన్నా ఒక బ్రాకెట్ తెరవాలి. తెరవగానే మొదట చేయాల్సిన పని, తర్వాత ఆ పనికి కావలసిన అంకెలో పేర్లో, చివర బ్రాకెట్ మూయడం. రెండు వందల యాభై సెంట్లు ఎన్ని ఎకరాలని అడగాలనుకోండి. బ్రాకెట్ తెరిచి, భాగహారం గుర్తు, ఖాళీ, 250, ఖాళీ, 100, బ్రాకెట్ మూసేయడం. అంతే, అదే ఒక ప్రోగ్రాము. ఇప్పుడు కొంచెం పెద్ద లెక్క. ఎకరాకి ముప్ఫై బస్తాలు పండాయి, బస్తా డెబ్భై ఐదు కిలోలు, మొత్తం ఎన్ని క్వింటాళ్లు? బస్తాల్ని కిలోలతో హెచ్చవేసే బ్రాకెట్ ఒకటి. దాన్నంతా వందతో భాగించే బ్రాకెట్ ఇంకొకటి. మొదటిది రెండోదాని కడుపులో ఉంటుంది.

మాకు తూర్పున భట్టిప్రోలు బౌద్ధ స్తూపం ఉంది కదా. 1892లో పురావస్తు పరిశోధకుడు అలెగ్జాండర్ రే అక్కడ తవ్వించినప్పుడు రాతి పేటికలు బయటపడ్డాయి. రాతి పేటిక మూత తీస్తే లోపల స్ఫటికపు పేటిక, దాని లోపల ధాతువులు. లిస్ప్ ప్రోగ్రామంతా అలాగే పేటికలో పేటికగా ఉంటుంది. పైపేటికకు ఏ మూతో, లోపేటికకు ఏ మూతో తెలిస్తే చాలు. కాకపోతే ప్రోగ్రాములో ఒక్కోసారి అలాంటివి ఏడెనిమిది ఒకదానిలో ఒకటి కూర్చుంటాయి. చివర్లో మూసే బ్రాకెట్లు ఏడెనిమిది వరుసగా వస్తాయి. వాటిని వేలుపెట్టి లెక్కపెట్టడం ఎవరి తరమూ కాదు.

అసలు ఇన్ని బ్రాకెట్లు మనుషులు రాస్తారని ఈ భాషని కల్పించినాయన కూడా అనుకోలేదు. జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్‌ని మొదలుపెట్టాడు. దాని మీద ఆయన వ్యాసం 1960 ఏప్రిల్లో అచ్చయింది. మనుషులు రాయడానికి మామూలు గణితంలా కనిపించే రూపం ఒకటి, యంత్రం లోపల ఉంచుకోవడానికి బ్రాకెట్ల రూపం ఒకటి, రెండు విడివిడిగా ఉండాలని ఆయన ఉద్దేశం. ఈలోగా స్టీవ్ రస్సెల్ అనే కుర్రాడు ఆ వ్యాసంలోని సూత్రాన్ని తీసుకుని ఐబీఎం 704 యంత్రం మీద నడిచేలా రాసేశాడు. అది బ్రాకెట్ల రూపాన్నే చదివి పనిచేసింది. చేతిలో పనిచేసేది ఒకటుండగా ఇంకో రూపం కోసం ఎవరు ఆగుతారు? బ్రాకెట్లే నిలిచిపోయాయి. అప్పట్నుంచీ వాటిని ఎలా భరించాలా అని లిస్ప్ వాళ్లు రకరకాల ఉపాయాలు పన్నారు. ఇంటర్‌లిస్ప్ అనే రకంలోనైతే చదరపు బ్రాకెట్ ఒక్కటి కొడితే అప్పటిదాకా తెరిచి ఉన్నవన్నీ మూసుకుపోయేవి. పని జరిగేది గాని, ఏది ఎక్కడ మూసుకుందో కంటికి తెలిసేది కాదు. చివరికి నిలబడిన ఉపాయం ఎడిటర్.

ఇక్కడ మన తెలుగువాడి సంగతి ఒకటి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. మెకార్తీ 1962లో స్టాన్‌ఫర్డ్‌కి మారాడు. అక్కడ ఆయన దగ్గర పరిశోధన చేసి 1966లో డాక్టరేట్ తీసుకున్నవాడు దబ్బల రాజగోపాల్ రెడ్డి, మనందరికీ రాజ్ రెడ్డిగా తెలిసినాయన. పుట్టింది చిత్తూరు జిల్లా కాటూరులో, 1937లో. మద్రాసు గిండీ కాలేజీలో సివిల్ ఇంజనీరింగు చదివి, ఆస్ట్రేలియా వెళ్లి, అక్కణ్నుంచి స్టాన్‌ఫర్డ్ చేరాడు. మనిషి మాటను యంత్రానికి అర్థమయ్యేలా చేయడం ఆయన జీవితకాలపు పని. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. ఆసియా నుంచి ఆ అవార్డు అందుకున్న మొదటి మనిషి ఆయనే. 2008లో నూజివీడు, ఇడుపులపాయ, బాసరల్లో ట్రిపుల్ ఐటీలు పెట్టినప్పుడు వాటిని కలిపిన విశ్వవిద్యాలయానికి మొదటి ఛాన్సలర్ కూడా ఆయనే. పదో తరగతి అయిన పల్లెటూరి పిల్లలు నేరుగా వెళ్లి చేరే చదువు అది.

రాజ్ రెడ్డి 1969 నుంచి పాఠాలు చెప్పిన చోటు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. 1991 నుంచి 1999 దాకా అక్కడి కంప్యూటర్ సైన్స్ స్కూలుకి డీన్‌గా ఉన్నాడు. ఆ విశ్వవిద్యాలయంలోనే 1980ల్లో ఒక లిస్ప్ తయారైంది, దాని పేరు సీఎంయూ కామన్ లిస్ప్. 1999 డిసెంబరులో విలియం న్యూమన్ దాన్నుంచి ఒక పాయ విడదీశాడు. అదే ఎస్‌బీసీఎల్, అంటే స్టీల్ బ్యాంక్ కామన్ లిస్ప్. కార్నెగీ ఉక్కుతో సంపాదించాడు, మెలన్ బ్యాంకుతో సంపాదించాడు, ఆ జ్ఞాపకంగా ఆ పేరు. ఇప్పుడు మీ ఇంట్లో అమ్మాయో అబ్బాయో కామన్ లిస్ప్ అనే ఈ రకాన్ని నేర్చుకోవాలంటే నేను దించుకోమని చెప్పేది దాన్నే. పైసా ఖర్చు లేదు. పాత ల్యాప్‌టాప్ మీద కూడా చకచకా నడుస్తుంది.

ఇక ఎడిటర్ దగ్గరికి వద్దాం. నేను చెప్పేది ఈమాక్స్. దీని మొదటి రూపం 1976లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ చేతుల మీదుగా వచ్చింది. ఇప్పుడు మనం వాడే గ్నూ ఈమాక్స్‌ని స్టాల్‌మన్ 1985లో విడుదల చేశాడు. దీన్నే ఎంచుకోవడానికి నాకు బలమైన కారణం ఒకటుంది. ఈమాక్స్‌లో ఎక్కువ భాగం లిస్ప్‌లోనే రాసి ఉంది. దాని సర్దుబాట్లు కూడా లిస్ప్‌లోనే రాయాలి. అంటే పిల్లలు ఎడిటర్‌ని సర్దుకుంటుండగానే భాష నేర్చుకోవడం మొదలైపోతుంది.

ఉబుంటు వాడేవాళ్లకి ఈమాక్స్, ఎస్‌బీసీఎల్ రెండూ సాఫ్ట్‌వేర్ జాబితాలోనే దొరుకుతాయి. విండోస్‌కీ రెండూ ఉన్నాయి. ఈమాక్స్‌ని ఎక్కించి తెరవండి. మొదట వచ్చే స్వాగతం పేజీని దాటితే స్క్రాచ్ అనే ఖాళీ కాగితం కనిపిస్తుంది. చాలామంది దాన్ని పట్టించుకోకుండా వేరే ఫైలు తెరిచేస్తారు. ఆగండి, అదే మన మొదటి పలక. ఇందాకటి సెంట్ల లెక్క అందులో టైపు చేయండి. మూసిన బ్రాకెట్ వెనకాలే కర్సర్ ఉంచి, కంట్రోల్ కీ నొక్కిపట్టి ఎక్స్, మళ్లీ కంట్రోల్ నొక్కిపట్టి ఈ. తెర అడుగున జవాబు వస్తుంది. ఇంకే ప్యాకేజీ ఎక్కించకముందే మీ చేతిలో ఒక లిస్ప్ ఉంది.

కానీ ఆ జవాబు చూసి తికమక పడకండి. రెండున్నర ఎకరాలు రావాలి కదా, ఈమాక్స్ మాత్రం రెండు అని చెబుతుంది. అర ఎకరం ఎక్కడికి పోయింది? ఈమాక్స్ లోపలుండే లిస్ప్ ఎడిటర్ పనుల కోసం చేసింది. పూర్ణాంకాన్ని పూర్ణాంకంతో భాగిస్తే శేషాన్ని వదిలేస్తుంది. ఇదే లెక్క ఎస్‌బీసీఎల్‌ని అడిగితే ఐదు బై రెండు అని, భిన్నం భిన్నంగానే ఇస్తుంది. క్వింటాళ్ల లెక్క అడిగితే నలభై ఐదు బై రెండు, అంటే ఇరవై రెండున్నర. ఎక్కడా దశాంశాల్లోకి మార్చి కోత పెట్టదు. ఎన్ని భాగాలు చేసి ఎన్నిసార్లు కలిపినా లెక్క చివరిదాకా ఖచ్చితంగా ఉంటుంది. అన్నదమ్ముల వాటాలు లెక్కవేసి చూడండి, మూడో వంతులో ఏడో వంతు అన్నా ఇరవై ఒకటో వంతని నిక్కచ్చిగా చెబుతుంది. ఈ ఒక్క సంగతికే నాకీ భాషంటే ప్రాణం.

అందుకని ఎడిటర్‌కీ ఎస్‌బీసీఎల్‌కీ మధ్య ఒక వంతెన కావాలి. ఆ వంతెన పేరు స్లైమ్, 2003లో మొదలైంది. ఈమాక్స్‌లో ఆల్ట్ ఎక్స్ నొక్కి ప్యాకేజ్ ఇన్‌స్టాల్ అని, మధ్యలో హైఫన్‌తో, టైపు చేసి ఎంటర్ కొట్టి, స్లైమ్ అని అడిగితే తెచ్చి ఎక్కించుకుంటుంది. ఇంక చేయాల్సింది లిస్ప్ ఎక్కడుందో దానికి చెప్పడం. మీ సర్దుబాటు ఫైలు తెరిచి అందులో ఒక లైను రాయాలి. నేను నెమ్మదిగా చెబుతాను, కాగితం మీద రాసుకోండి. బ్రాకెట్ తెరవండి. సెట్‌క్యూ అన్న మాట. ఖాళీ. ఇన్ఫీరియర్ లిస్ప్ ప్రోగ్రామ్ అన్న మూడు మాటలు, వాటి మధ్య ఖాళీలకు బదులు హైఫన్లు. ఖాళీ. జంట కోటు గుర్తు, చిన్న అక్షరాల్లో ఎస్‌బీసీఎల్, మళ్లీ జంట కోటు గుర్తు. బ్రాకెట్ మూయండి. ఇన్ఫీరియర్ అంటే ఇక్కడ తక్కువదని అర్థం కాదు, ఈమాక్స్ చేతికింద నడిచేదని. ఫైలు దాచి, ఈమాక్స్‌ని మూసి తెరిచి, ఆల్ట్ ఎక్స్ స్లైమ్ అంటే కింద ఇంకో కిటికీ తెరుచుకుంటుంది. అందులో ఉండేది ఎస్‌బీసీఎల్.

ఇప్పుడు బ్రాకెట్ల సంగతి. 2022లో వచ్చిన ఈమాక్స్ 28 నుంచి జత బ్రాకెట్‌ని చూపించే ఏర్పాటు మొదటినుంచే పనిచేస్తూ ఉంటుంది. మూసిన బ్రాకెట్ పక్కకి కర్సర్ వెళ్లగానే దాని జత ఎక్కడుందో మెరుస్తుంది. దీనికి తోడు ఎలక్ట్రిక్ పెయిర్ మోడ్ అనేదాన్ని మీరు తగిలించుకోవాలి. అది తగిలిస్తే మీరు బ్రాకెట్ తెరవగానే మూసేదీ దానంతటదే వచ్చి కూర్చుంటుంది, మీరు మధ్యలో రాసుకుంటూ పోవడమే. మొదటి రోజుల్లో ఈ రెండూ చాలు.

దీన్ని మించింది పారెడిట్ అని ఇంకొకటుంది, 2005లో టేలర్ క్యాంబెల్ రాసింది. అది ఉంటే సరిపోలని బ్రాకెట్ రాయడం దాదాపు సాధ్యం కాదు. లోపల సరుకుండగా మూసే బ్రాకెట్ ఒక్కదాన్నే చెరిపేద్దామని బ్యాక్‌స్పేస్ కొడితే చెరగదు, కర్సర్ దాన్ని దాటి పోతుందంతే. పక్కనున్న మాటని బ్రాకెట్ లోపలికి లాక్కోవాలంటే కంట్రోల్‌తో కుడి బాణం కీ. అనుభవం వచ్చాక చేతులకి ఇది ఎంతో సుఖం. కొత్తవాళ్లకు మాత్రం తొలి వారాల్లోనే ఇవ్వకూడదని నా అభిప్రాయం. చెరిపితే చెరగని ఎడిటర్ పిల్లలకి కోపం తెప్పిస్తుంది, ఆ కోపం భాష మీదికి పోతుంది.

జత చూపించడం కన్నా నాకు విలువైనదిగా అనిపించేది ఇంకొకటి, లైన్లని లోపలికి జరిపి పేర్చడం. సీ, జావా అలవాటైన పిల్లలు మూసే గుర్తు ఒక్కోదాన్నీ ఒక్కో లైనులో విడిగా పెడతారు. లిస్ప్‌లో అలా చేయరు. మూసేవన్నీ చివరి లైను తోకలో ఒకచోటే ఉంటాయి. అనుభవమున్నవాళ్లు అసలు వాటివైపు చూడనే చూడరు. ఏ లైను ఎంత లోపలికి జరిగి ఉందో చూసి, ఏది దేని లోపలుందో చదువుకుంటారు. ఆ జరపడం చేత్తో చేస్తే మనం అనుకున్నదే కాగితం మీద కనిపిస్తుంది, నిజంగా రాసింది కనిపించదు. ఎడిటర్ చేత చేయిస్తే ఉన్నదున్నట్టు తెలుస్తుంది. ముక్క మొదటి బ్రాకెట్ ముందు కర్సర్ ఉంచి, కంట్రోల్, ఆల్ట్ రెండూ నొక్కిపట్టి క్యూ కొట్టండి, ఆ ముక్కంతా సరిగ్గా పేర్చుకుంటుంది. లైను మీరనుకోని చోటికి జరిగిపోయిందంటే బ్రాకెట్ ఎక్కడో ముందే మూసేశారన్నమాట. తప్పు పట్టుకోవడానికి నేను వాడే మొదటి సాధనం ఇదే. మా మేనకోడలు ఒక సాయంత్రం, "మావయ్యా, ఏడు బ్రాకెట్లూ మూశాను, ఇంకా తప్పంటుందేంటి?" అంది. "లెక్కపెట్టకమ్మా, క్యూ కొట్టి చూడు" అన్నాను. కొట్టింది. మూడో లైను ఎడమకి జరిగి నిలబడింది. "ఓహో, రెండో లైనులోనే మూసేశానా!" అని తనే సరిచేసుకుంది. ఆ తర్వాత మళ్లీ బ్రాకెట్ల గురించి నన్ను అడగలేదు.

ఇంకో భయం తప్పులొచ్చినప్పుడు. పేరు ఒకటి తప్పు రాశారనుకోండి. స్లైమ్ వెంటనే కొత్త కిటికీ తెరిచి, ఇంగ్లీషులో బోలెడు లైన్లు పోస్తుంది. కంప్యూటరు పాడైందేమోనని పిల్లలు కంగారు పడతారు. కాస్త నింపాదిగా చదవమనండి. ఈ పేరుకి విలువ ఏమిటో నాకు తెలియదు, మళ్లీ ప్రయత్నించమంటావా, విలువ నువ్వే ఇస్తావా, లేక వదిలేయమంటావా అని అంకెలు వేసి అడుగుతూ ఉంటుంది. ప్రోగ్రాము చచ్చిపోలేదు, తప్పు జరిగిన చోటే ఆగి మన మాట కోసం చూస్తోంది. మనం విలువిస్తే అక్కడ్నుంచే ముందుకు పోతుంది. ఏమీ తోచకపోతే క్యూ ఒక్కటి కొడితే కిటికీ మూసుకుంటుంది. ఎడిటర్‌లో రాసిన చోటునుంచే ఒక్క ముక్క పంపి, జవాబు చూసి, దిద్ది, మళ్లీ పంపడం ఈ భాష పద్ధతి. ప్రోగ్రామంతా రాసి ఆఖర్న నడిపి చూద్దామనుకునే వాళ్లకి లిస్ప్ ఇచ్చే సుఖంలో సగం కూడా దక్కదు.

తెలుగులో రాయొచ్చా అని అడుగుతారు. రాయొచ్చు. కామన్ లిస్ప్‌లో డిఫన్ లాంటి కొన్ని మాటలు ఇంగ్లీషువే ఉంటాయి, మనం పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులో ఉండొచ్చు. ఎకరాలు అని ఒక పని పేరు, సెంట్లు అని దానికిచ్చే సరుకు పేరు పెట్టి చూడండి. ఎస్‌బీసీఎల్ ఏ అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది. ఆ తర్వాత బ్రాకెట్లో ఎకరాలు 250 అని రాస్తే ఐదు బై రెండు అని జవాబిస్తుంది. ఇంగ్లీషు మీడియంలో చదువుతూ ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకి, తమ లెక్క తమ మాటల్లో నడవడం చూస్తే వచ్చే ఉత్సాహం వేరు.

ఈమాక్స్‌లో తెలుగు టైపు చేయడానికి వేరే ఏదీ ఎక్కించుకోనక్కర్లేదు. కంట్రోల్ నొక్కి బ్యాక్‌స్లాష్ కొడితే ఏ పద్ధతి కావాలో అడుగుతుంది. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ ఉంది, తెలుగు ఐట్రాన్స్ ఉంది. ఐట్రాన్స్ అంటే ఇంగ్లీషు అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు అక్షరం వచ్చే పద్ధతి. మళ్లీ అదే కీ కొడితే ఇంగ్లీషుకి వచ్చేస్తారు. ఐట్రాన్స్‌లో క రావాలంటే కే అక్షరం ఒక్కటే చాలదు, పక్కన ఏ కూడా కొట్టాలి, లేకపోతే పొల్లు మిగులుతుంది. భట్టిప్రోలు పేటికల మీది శాసనాలు చెక్కినవాళ్లు కూడా హల్లు పక్కన అకారానికి విడిగా గుర్తు పెట్టేవాళ్లు. అశోకుడి బ్రాహ్మీ శాసనాల్లో ఆ అలవాటు కనిపించదు. జార్జ్ బ్యూలర్ 1894లో ఆ శాసనాల్ని చదివి ప్రకటించాడు. అకారాన్ని చెప్పి తీరాలన్న ఆ పద్ధతి మా ఊరి పక్కన రాతి పేటికల మీద ఉండి, ఇప్పుడు మా పిల్లల కీబోర్డు మీద మళ్లీ కనిపించడం నాకెంతో ముచ్చటగా ఉంటుంది.

2020లో వచ్చిన 27వ ఈమాక్స్ నుంచి హార్ఫ్‌బజ్ అనే ఏర్పాటు లోపల చేరింది. ఒత్తులు, గుణింతాలు సరిగ్గా వాటి చోట కూర్చుంటున్నాయి. ఒక చిక్కు మిగిలి ఉంది. ప్రోగ్రాములు రాసేవాళ్లు అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండే అచ్చు వాడతారు. మన అక్షరాలు అలా ఒదగవు, ష్ణ ఎక్కడ, ర ఎక్కడ! పని పేరు తర్వాత అదే లైనులో సరుకు రాస్తే, దాని కిందకి రావలసిన తర్వాతి లైను కొంచెం అటో ఇటో జరిగి కనిపిస్తుంది. పని పేరు రాయగానే ఎంటర్ కొట్టి సరుకంతా కింది లైన్లలో రాసుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాయడమంటే నాకు హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయం గుర్తొస్తుంది. 1990ల తొలి ఏళ్లలో అక్కడ కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి ఆర్‌టీఎస్ పద్ధతిని తయారుచేశారు. ఇంటర్నెట్లో తెలుగు లిపి ఇంకా కనిపించని రోజుల్లో అమెరికాలో ఉన్న తెలుగువాళ్లు ఉత్తరాలు, కవితలు, పద్యాలు ఆ పద్ధతిలో రాసుకున్నారు. రామారావు పరిశోధన ప్రోగ్రామింగు భాషల సిద్ధాంతం మీద. ఆయన రాబర్ట్ కార్ట్‌రైట్, మత్తియాస్ ఫెలైసెన్‌లతో కలిసి పత్రాలు రాశాడు. ఆ ఫెలైసెన్ 1995లో అదే రైస్‌లో, లిస్ప్ కుటుంబానికే చెందిన స్కీమ్ భాషని బడిపిల్లలకు నేర్పాలని ఒక బృందాన్ని మొదలుపెట్టాడు. వాళ్లు పిల్లల కోసమే ఒక ఎడిటర్ తయారుచేశారు, దాని పేరు డాక్టర్ స్కీమ్. 2010లో భాష పేరు ర్యాకెట్ అయింది, ఎడిటర్ డాక్టర్ ర్యాకెట్ అయింది. మన భాషని కీబోర్డు మీదికి తెచ్చినవాళ్లు, ఈ భాషని పిల్లల చేతికి తెచ్చినవాళ్లు ఒకే విశ్వవిద్యాలయంలో పనిచేశారు. ఈ సంగతి మన పాఠాల్లో ఎక్కడా రాదు, రావాలి.

ఈమాక్స్ కీల పేర్లు వింటేనే బెదిరే పిల్లలకు నేనిచ్చేది డాక్టర్ ర్యాకెట్టే. ఎక్కించాక సర్దుకోవలసింది దాదాపు ఏమీ ఉండదు. పై కిటికీలో ప్రోగ్రాము, కింది కిటికీలో జవాబులు. బ్రాకెట్ దగ్గరికి కర్సర్ వెళితే దాని పరిధంతా నీడ పడినట్టు తేలుతుంది. ఒక పేరు మీద మౌస్ ఉంచితే ఆ పేరు ఎక్కడ పుట్టిందో, ఎక్కడెక్కడ వాడారో బాణాలు గీసి చూపిస్తుంది. దానిమీద కొన్నాళ్లు చేయి తిరిగాక ఈమాక్స్‌కి వస్తే చాలా సులువు. ఉద్యోగాల దృష్టితో, లిస్ప్ కుటుంబానికే చెందిన క్లోజర్ నేర్చుకుంటానంటే, వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌లో కాల్వా అనే పొడిగింపు ఉంది, అది కూడా మంచిదే. కాలేజీలో అప్పటికే వీఎస్ కోడ్ వాడుతున్నవాళ్లకి అది దగ్గర దారి. ఏ ఎడిటర్ తీసుకున్నా మూడు పనులు చేస్తుందో లేదో చూసుకోండి. బ్రాకెట్ జతను చూపించాలి, లైన్లను తనే పేర్చాలి, రాసిన చోటునుంచే ముక్కని లిస్ప్‌కి పంపి జవాబు తేవాలి. మూడూ చేస్తే అది లిస్ప్‌కి పనికొస్తుంది. రంగులు, అచ్చు సొగసులు తర్వాత చూసుకోవచ్చు. వాటికోసం వారాలు తగలేసి ఒక్క లైను ప్రోగ్రాము రాయని కుర్రాళ్లు నాకు తెలుసు, మీరు ఆ దారి పట్టకండి.

చేతివేళ్ల సంగతి కూడా చెప్పాలి. ఈమాక్స్‌లో కంట్రోల్ కీ పని ఎక్కువ, ఎడమ చిటికెన వేలు నొప్పెడుతుంది. క్యాప్స్ లాక్ కీని కంట్రోల్‌గా మార్చుకునే సదుపాయం ఉబుంటులో ఉంది. మొదటి రోజే మార్చుకోండి.

ఈమాక్స్‌లో కంట్రోల్ హెచ్ కొట్టి, తర్వాత విడిగా టీ కొడితే ఒక పాఠం తెరుచుకుంటుంది. చదువుతూ, చదివిన చోటే చేసి చూస్తూ, కీలన్నీ నేర్చుకునేలా రాసిన పాఠం అది. ఎన్నో భాషల్లోకి అనువాదమైంది. కంట్రోల్ హెచ్ తర్వాత హెచ్ కొడితే ఎన్నో ప్రపంచ భాషల్లో పలకరింపులున్న పేజీ వస్తుంది, అందులో నమస్కారం అని తెలుగు లైను కూడా ఉంది. పాఠం మాత్రం నేను వాడే ఈమాక్స్‌లో తెలుగులో లేదు. ఇంగ్లీషు పాఠం పెద్దదేమీ కాదు, సెలవుల్లో నలుగురు పిల్లలు కూర్చుంటే తెలుగులోకి తెచ్చేయొచ్చు. తెనాలి, బాపట్ల, రేపల్లె వైపు కంప్యూటర్ చదివే పిల్లల్లో ఆ పని తలకెత్తుకునేవాళ్లుంటే, మొదటి ముసాయిదా చదివి దిద్దడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రేడియో కేంద్రం చిరునామాకి ఉత్తరం రాయండి, నాకు అందుతుంది.